బావ నున్నగా చేసిన దారి

మద్దిలపాలెంలో మా హార్డ్‌వేర్ కొట్టు షట్టరు ఆ రోజు ఆలస్యంగా, పదకొండింటికి ఎత్తుతుండగా అప్ప ఫోన్ చేసింది. మా ఇళ్లల్లో అక్కను అప్ప అనే పిలుస్తాం.

"తమ్ముడూ, మీ బావ కుర్సీలో కూసున్నాడురా. పిలుత్తుంటే పలకట్లేదు. బేగి రా," అంది.

గొంతులో కంగారు లేదు. అందుకే నాకు భయమేసింది. షట్టరు సగంలో వదిలేసి బండి తీశాను.

మధురవాడలో వాళ్ల ఫ్లాటు తలుపు తీసే ఉంది. బావ హాల్లో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అప్ప పక్కనే నేల మీద కూర్చుని ఆయన మణికట్టును రెండు చేతుల్తో పట్టుకుంది. నేను బావ చెంప మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

"సెప్పు," అంది అప్ప. ఆమెకు చూపు లేదు. పూర్తిగా పోయి కొంతకాలమయింది.

"బావ లేడప్పా," అన్నాను.

"నాకు తెలిసిపోనాది. నువ్వొచ్చి సెప్పేదాకా అనుకోకూడదని కూసున్నాను," అంది. అప్పుడు ఏడ్చింది. ఆ మణికట్టు మాత్రం వదల్లేదు.

గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. బాధపడి ఉండడని కూడా చెప్పాడు. ఆ మాట ఎవరికి ఊరటో నాకు ఇప్పటికీ తెలియదు.

బావ గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం ఆయనది. ఉద్యోగం కోసం విశాఖ వచ్చి, పోర్టులో క్రేను నడిపి, అక్కడే రిటైరయ్యాడు. పిల్లల్లేరు. సెలవు దొరికితే మా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు అరచేత్తో నిమిరి చూసేవాడు. కళ్లతో చూడ్డం ఆ తర్వాతే. రైతుబజార్లో వంకాయల దగ్గరా అదే వరస. నేను కొత్త బండి కొన్నప్పుడు దాని ట్యాంకును కూడా ఆవు వీపు నిమిరినట్టు నిమిరాడు.

ఆయన ఇంట్లో తిరిగితే చప్పుడు ఉండేది కాదు. గ్లాసు బల్ల మీద పెట్టినా వినపడదు. ఒకసారి అడిగితే, "పైనుంచి బరువు దించేటప్పుడు కింద మనుషులుంటారు కదేటి బావా. సప్పుడొచ్చిందంటే నాను తొందరపడ్డట్టే," అన్నాడు. ఆయన కూడా నన్ను బావా అనే పిలిచేవాడు.

అప్పకు షుగరు. దాంతో చూపు కొద్దికొద్దిగా మసకబారింది. చాలాకాలం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నేను అక్కడ ఉండగానే టీ పోస్తోంది. ధార గ్లాసుకు పక్కన పడుతోంది. బావ మెల్లగా గ్లాసును ధార కిందికి జరిపాడు. టీ నిండాక, "సాలు," అన్నాడు. అప్ప గిన్నె దించి ఆయన వైపు తిరిగింది. ఆయనకు తెలుసని ఆమెకు తెలిసిన రోజు అదే.

ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. చూపు నిలవలేదు. అది పూర్తిగా పోయాక, చప్పుడు చెయ్యని ఆ మనిషే గ్లాసును టక్కుమని పెట్టడం మొదలుపెట్టాడు, అదెక్కడుందో ఆమెకు తెలియాలని. బంధువులంతా ఆమె ముందు 'చూడు' అనే మాట నోట్లోనే మింగేసేవాళ్లు. బావ మాత్రం ఎప్పటిలాగే, "ఇటు సూడే, పప్పులో ఉప్పు సరిపోయిందేటి?" అనేవాడు.

కానీ అప్ప కదలడం మానేసింది. పొద్దున మంచం మీంచి లేపి ఎక్కడ కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే. అది బావ తట్టుకోలేకపోయాడు. ముందు గోడవెంట స్టీలు పైపు పెట్టిస్తానన్నాడు. నమూనాకు ఒక ముక్క తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఆసుపత్రి మంచంలాగుంది. ఒద్దు," అంది. అప్పుడు టేకు కర్ర అనుకున్నాడు. మంచం దగ్గర మొదలై బాత్రూముకి, వంటింటికి, హాలు దాటి బాల్కనీకి గోడ పొడవునా నడుం ఎత్తులో పట్టుకుని నడిచే కర్ర. వడ్రంగి వచ్చి కోసి, చిత్రిక పట్టి, అంచులు గుండ్రం చేసి, మొదటి ముక్క బిగించి వెళ్లాడు.

ఆ మొదటి ముక్కకున్న పేడు అప్ప అరచేతిలో దిగింది. కంటికి ఆననంత సన్నటి చెక్కపుల్ల. షుగరు ఒంట్లో అది చీము పట్టి చెయ్యంతా వాచింది. తగ్గడానికి ఎన్నో వారాలు పట్టింది. వేలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని కూడా ఒక దశలో అన్నారు. ఆ కట్టుతోనే ఆమె, "ఇంక నాను నడవను. ఇలాగే ఒగ్గేయ్," అంది.

బావ ఉప్పు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి క్రేను లీవర్లు లాగిన కుడిభుజం ఆయనది. మూరెడు కర్ర నున్నబడేసరికి చెయ్యి పైకి లేవకుండా పోయింది. అప్పుడు కొట్టుకొచ్చాడు.

"రుద్దే మిషను ఉందేటి బావా?"

నేను మంచి కంపెనీది, ఖరీదైనది దించాను. ఆయన చూపు పక్కన అట్టపెట్టెలో ఉన్న చవక సాండర్ మీద పడింది. అరచేతిలో పట్టే పరిమాణం, అడుగున నలుచదరపు పలక, దానికి ఉప్పు కాగితం బిగించే క్లిప్పులు, వెనక పొట్టు పట్టే చిన్న సంచి.

"అది ఒద్దు బావా. పనిచెయ్యదని తిరిగి తెచ్చేస్తున్నారు," అన్నాను.

"పని సెయ్యదని అనకు. ఏ పని సెయ్యదో సెప్పు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇద్దరం కొట్టు వెనక్కి వెళ్లాం. బావ ఒక చెక్కముక్క మీద పెన్సిల్‌తో అడ్డంగా గీతలు గీశాడు. మిషను వాటి మీద నడిపాడు. మధ్యలో గీతలు చెరిగిపోయాయి, ఒక పక్కన మిగిలాయి. గట్టిగా నొక్కితే మోటారు మూలిగింది, కాగితం క్లిప్పులోంచి జారింది. కాగితం కొంచెం పొడుగ్గా కత్తిరించి, అంచు మడిచి, బిగించాడు. ఈసారి నొక్కలేదు. చెయ్యి ఊరికే పైన ఉంచి నెమ్మదిగా జరిపాడు. గీతలన్నీ పోయాయి. ఆపి అరచెయ్యి విదిలించుకున్నాడు.

"సెయ్యి జివజివలాడతాది. సంచి సగం పొట్టే పట్టింది. ఎగుడుదిగుడు సెక్కని ఇది సదును సెయ్యలేదు, ఆ పని సిత్రికదే. సదునైన దాన్ని నున్నగా సెయ్యగలదా, అది సూడాలి."

"ఎలా చూస్తావు?"

"మీ అప్పకి సూపిత్తాను," అన్నాడు.

ఆ ఆదివారం నేనూ వెళ్లాను. బావ రెండు చెక్కలు సిద్ధం చేశాడు. ఒకటి భుజం నొప్పిని భరిస్తూ చేత్తో రుద్దింది, రెండోది మిషనుతో చేసింది. రెండూ తుడిచి అప్ప ఒళ్లో పెట్టాడు. నేను చూశాను, నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి.

"సూసి సెప్పే. ఏది బాగుంది?"

అప్ప మొదట చెయ్యి చాపలేదు. పేడు దిగిన చెయ్యి కదా. బావ కూడా తొందర పెట్టలేదు. కాసేపటికి ఒక్క వేలు ఆనించింది. తర్వాత రెండు. తర్వాత అరచెయ్యంతా పరిచి, కళ్లు మూసుకుని నిమిరింది.

"ఇది నువ్వు సేసినాది. ఇది మిషను," అంది.

"ఎలాగ తెలిసినాది?"

"మిషనుది మెత్తగానే ఉంది గానీ, లోపల సిన్న సిన్న సుళ్లు తిరుగుతన్నాయి. నీది తిన్నగా ఎళ్లిపోతన్నాది."

బావ ఆ చెక్కను వెలుగుకు ఏటవాలుగా పెట్టి చూశాడు. నిజమే, వెంట్రుకల్లాంటి సన్నటి సుళ్లు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇంకా సన్నరకం కాగితం బిగించి మళ్లీ ఆడించాడు. చివర్లో చేత్తోనే చెక్క పోగు సాగిన వైపే తేలిగ్గా నాలుగుసార్లు రుద్దాడు. మళ్లీ ఆమె ఒళ్లో పెట్టాడు. అప్ప ఈసారి చాలాసేపు నిమిరింది.

"ఇది బాగుంది," అంది. చెక్క మీంచి చెయ్యి తియ్యకుండానే మళ్లీ అంది: "నా కళ్లు పోయాక నన్ను సూసి సెప్పమన్నోళ్లు లేరు."

బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తువ్వాలుతో మిషను మీది పొట్టు తుడవడం మొదలుపెట్టాడు. తుడవాల్సిన పొట్టు అక్కడ ఏమీ లేదు.

నేను బయల్దేరేటప్పుడు బావ తీర్పు చెప్పాడు. "ఇంటి పనికి ఇది సరిపోద్ది బావా. రోజంతా దీంతోనే బతకాల్సినోడికి అమ్మకు, ఆడి సెయ్యి పోద్ది. మంచి కాగితం కొనుక్కోమని సెప్పు, మూతికి గుడ్డ కట్టుకోమని సెప్పు." ఇప్పటికీ కొట్టుకొచ్చి 'ఈ చవకది కొనొచ్చా' అని అడిగేవాళ్లకు నేను ఆ మాటలే చెబుతున్నాను. ఇన్నాళ్లూ 'మా బావ అంటాడు' అనేవాణ్ని. ఇప్పుడు 'అనేవాడు' అని మార్చబోతే నోటికి రావడం లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయనకు అదే పని. ముక్కలు గోడకు బిగించాకే నున్నగా చేసేవాడు, అతుకుల దగ్గర చేతికి ఏమీ తగలకూడదని. పై అంతస్తువాళ్లకు ఇబ్బంది కాకుండా పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసులకూ వెళ్లాకే మొదలుపెట్టేవాడు. ఏ ముక్కా అప్ప నిమిరి సరే అనకుండా వార్నిషు ఎరగదు. ఆమె ఒక్కోచోట ఆగి, "ఇక్కడ కొంచెం," అనేది. ఆయన మళ్లీ ఆడించేవాడు.

మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా ఆమె మొదటిసారి ఒంటరిగా నడిచి వచ్చిన రోజు బావ నాకు ఫోన్ చేశాడు. "మీ అప్ప ఒంటింట్లోకొచ్చి నన్ను తిట్టినాది బావా, గిన్నెలు ఎక్కడివక్కడ ఎట్టలేదని," అన్నాడు.

ఇంకొక్క ముక్కే మిగిలింది, హాల్లోంచి బాల్కనీ గుమ్మం దాకా. అప్పకు సముద్రపు గాలి ఇష్టం. ఆ ముక్క బిగించి సగం నున్నగా చేశాడు. ఆ పొద్దున దాని పక్కనే కుర్చీలో కూర్చుని పోయాడు.

పెద్దకర్మ అయ్యాక అప్పను మా ఇంటికి రమ్మన్నాను. మా ఆవిడ బట్టలు సర్దడానికి కూడా లేచింది. అప్ప ఒప్పుకోలేదు.

"మీ ఇంట్లో నాను మళ్లీ ఒక మూల కూసోవాల. ఇక్కడ నాకు దారి తెలుసు," అంది. పొద్దునా సాయంత్రం తోడుకు ఒక మనిషిని మాట్లాడి పెట్టాం.

మొన్న ఒకరోజు పదిగంటలవేళ వెళితే, "ఆ ముక్క సగంలో ఒగ్గేసి పోనాడు. నువ్వు సెయ్యరా," అంది.

మిషను కుర్చీ కిందే ఉంది. కాగితం మార్చి, మూతికి తువ్వాలు కట్టుకుని మొదలుపెట్టాను. అప్ప నన్ను దాటి వెళ్లి, హాలుకు వంటింటి వైపు కొసన నిలబడి కర్ర మీద అరచెయ్యి ఆనించింది. ఏమైనా తగిలిందేమో అనుకుని మిషను ఆపాను.

"ఆపకు. నాను ఇక్కడే నిలబడేదాన్ని. మీ బావ అక్కడ ఆడిత్తుంటే ఈ కొస దాకా వణుకొచ్చేది. ఎంతవరకొచ్చాడో సేతికి తెలిసేది," అంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఆ రోజూ ఇక్కడే ఉన్నానురా. మిషను ఆగినాది. భుజం నొప్పేసి కూసున్నాడు, మళ్లీ లెగుత్తాడు అనుకున్నాను. సెయ్యి తియ్యకుండా, మళ్లీ వణుకొత్తాదేమోనని సాలాసేపు సూసినాను."

మిషను వేశాను. ఆయన చెప్పినట్టే నొక్కకుండా, నెమ్మదిగా, బాల్కనీ వైపు జరుపుకుంటూ పోయాను. తిరిగొస్తూ చేత్తో పోగు వెంట రుద్దాను. గరుకు ఇంకెక్కడా లేదని నాకు అనిపించాక మిషను ఆపేసి, ప్లగ్గు తీసి, వైరు చుట్టాను.

"అయిపోయిందప్పా. చూసి చెప్పు," అన్నాను.

ఆమె కదల్లేదు. బాల్కనీలోంచి గాలి వచ్చి నేల మీది పొట్టును హాల్లోకి తోస్తోంది. అప్ప ఆ కొసనే తల కొంచెం వంచి, అరచెయ్యి కర్ర మీద పరిచి నిలబడే ఉంది.