ఎక్కకుండా పోనిచ్చిన మినార్

మొన్న షోలాపూర్ దాజీ పేట్‌లోని మా ఇంట్లో మనవరాలు ఫోన్‌లో మేం ఎక్కాల్సిన హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎంతదాకా వచ్చిందో చూపించి, ఇంకా గంటన్నర ఉంది కూర్చో అన్నా, నేను చెప్పులేసుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అందరూ నవ్వారు. నవ్వనీ, నాకు ఈ తిరుగుడు ఎప్పుడు పట్టుకుందో వాళ్లకేం తెలుసు.

మా తరానికి ఆ బండి మినార్ ఎక్స్‌ప్రెస్సే. పేరు మారి ఏళ్లయినా నాలుక మారలేదు. బొంబాయి నుంచి వచ్చి పొద్దున్నే షోలాపూర్‌లో ఆగి సికింద్రాబాద్ వెళ్లే ఆ బండి మీదే తెలంగాణ నుంచి వలస వచ్చిన ఈ వాడలోని ఆడవాళ్ల పుట్టింటి ఆశలన్నీ ఉండేవి. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. బీడీ ఆకును ముందురోజు తడిపి గోనెపట్టాలో చుట్టి పెడితేనే మర్నాడు కత్తెరకు లొంగుతుంది. తడిపాక మాత్రం ఒకటి రెండు రోజులకు మించి ఆగదు, మచ్చలు పడుతుంది. ఒక సాయంత్రం అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు, మెచ్చుకుంటుందని, పన్నెండేళ్ల నేను వారం ఆకంతా ఒకేసారి తడిపేశాను. ఆమె తిరిగొచ్చేసరికి, అమ్మమ్మకు బాగోలేదని సిరిసిల్ల నుంచి మేనమామ కొట్టిన టెలిగ్రాం వచ్చి ఉంది.

ఒకరోజు ఆకైతే ఇరుగుపొరుగు పంచుకునేవారే. అమ్మ గోనెపట్టా విప్పి చూసింది. "గింత ఆకు ఖరాబైతే కార్ఖానాల నా పని కార్డు తీసేస్తరు బిడ్డా. రేపటి మినార్ పోనీ, ఎల్లుండి పోదాం" అన్నది. మర్నాడు బండి కూత వినిపించినప్పుడు కూడా ఆమె చేయి ఆగలేదు. నేనే లోపలికీ బయటికీ తిరిగాను. వాడంతా కూర్చుని చుట్టినా సగమే తేలింది, మిగిలింది వాళ్లకే అప్పగించి ఆ మరుసటి పొద్దున ఎక్కాం. దారిలో వాడీ స్టేషన్‌లో ఇంజన్ కదలకపోతే దిగి తోసేయాలనిపించింది.

మేం చేరేసరికి అమ్మమ్మ కళ్లు తెరిచే ఉంది, గుర్తుపట్టలేదు. మేనమామ భార్య మా అమ్మ చేయి పట్టుకుని, "నిన్న ఒచ్చినా బాగుండు వదినా, పొద్దూకేదాక నీ పేరే తీసింది" అన్నది. తొమ్మిది రోజులు బతికింది గాని అమ్మమ్మ మళ్లీ ఆ పేరు పలకలేదు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరితోనూ చెప్పలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆమె చివరి రోజుల్లో నేను ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచినప్పుడల్లా, క్షమించమని అడగబోయి అడగలేకపోయాను. ఇప్పుడు బండ్లు పెరిగాయి, సిరిసిల్ల పోవడం ఒక పూట పని. అక్కడ మా కోసం ఎదురుచూసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.