వేడి ధాన్యం మీద నేను పెట్టిన సంతకం

ఈసారి రాయచూరు జిల్లాకు నేను చూడటానికి వెళ్లలేదు; ఒక మనిషికి క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాను. తూకం యంత్రాలు, ఉష్ణమాపకాలు, తేమ మీటర్ల వంటి కొలత పరికరాలను పరీక్షించి, సరిగ్గా ఉన్నాయని ధ్రువీకరించడం నా వృత్తి. వేర్వేరు పరిశ్రమల్లో టెక్నీషియన్లు చేసే పనిని దగ్గరగా చూడాలన్న కోరికతో చేసే ప్రయాణాలను ఈ బ్లాగులో రాస్తుంటాను. గత నెల కొత్తగా చేరిన ఉద్యోగులకు, ఫారం ఎంత పొందికగా నింపాలో చూపడానికి నా పాత ఫారాల్లోంచి ఒకదాన్ని ఎంచుకున్నాను. రెండేళ్ల కిందట బాళగనూరులోని ఒక రైస్ మిల్లులో నింపిన ఫారం అది. ఒక్క కొట్టివేత లేదు. నమూనా ఉష్ణోగ్రత అన్న గడిలో మాత్రం నా చేతిరాతతోనే నలభై మూడు డిగ్రీలని ఉంది. డ్రయ్యరులోంచి అప్పుడే తీసిన ధాన్యం అంత వేడిగా ఉంటే మీటరు తేమను తక్కువగా చూపిస్తుంది. గింజ పైన ఆరి ఉంటుంది, లోపలి తేమ ఇంకా బయటికి వచ్చి ఉండదు. చల్లారేదాకా ఆగి కొలవాలన్నది మా పనిలో మొదటి పాఠం. ఆ రోజు నేను ఆగలేదు. పైగా, ఆగాలని చెప్పిన డ్రయ్యరు ఆపరేటరు సూర్యం గారి పేరు రాసి, ఆయన గింజ కొరికి చెప్పే అంచనా పరికరంతో సరిపోలడం లేదని నివేదిక ఇచ్చాను. మిల్లుకు ఫోన్ చేసి కనుక్కుంటే, ఆ నివేదిక చూశాకే ఆయన్ను డ్రయ్యరు నుండి తీసేసి బాయిలరులో ఊక పోసే పనిలో పెట్టారని తెలిసింది.

సెలవు పెట్టి, ముందురోజు సాయంత్రానికే హైదరాబాదు నుండి రాయచూరు చేరాను. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది ఎనిమిది వందలు, శుభ్రంగానే ఉంది. నేరుగా బాళగనూరు వైపు వెళ్లే సింధనూరు బస్సు ఎక్కవలసింది. కానీ ఉదయం ఆరున్నరకు ఆటో ఎక్కి పత్తి జిన్నింగ్ మిల్లుకు పొమ్మన్నాను. బ్లాగు కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి బాళగనూరును కాసేపైనా వాయిదా వేయడానికే. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "పొద్దుగాల్నే జిన్నింగ్‌ల ఏం పని సార్? పత్తి అమ్మేటోళ్లు గిట్ల ఇస్త్రీ బట్టలేసుకొని రారు." ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

అక్కడ ఖాజా భాయ్ అనే ఫిట్టరు, గింజ నుండి దూదిని వేరుచేసే యంత్రానికి కత్తి అమరుస్తున్నాడు. తోలు రోలరుకూ ఉక్కు కత్తికీ మధ్య సందు ఎక్కువైతే గింజ దూదితోపాటు జారిపోతుంది. తక్కువైతే తోలు కాలుతుంది. ఆయన ఆ సందులో ఒక పాత పోస్టుకార్డు ముక్క పెట్టి మెల్లగా లాగుతూ, అది ఎంత బిగువుగా వస్తుందో చూస్తున్నాడు. నా సంచిలో సందులు కొలిచే సన్నని ఉక్కు రేకులు ఉన్నాయి. అలవాటు కొద్దీ తీయబోయాను.

"సంచిలనే ఉండనియ్యండ్రి సార్," అన్నాడాయన తల ఎత్తకుండానే. "మిషన్ సల్లగున్నప్పుడు మీది కరెక్టు చెప్తది. గంట నడిచి గరమైనంక ఎంత సాగుతదో నా కార్డుకే ఎరుక. జర ఎక్కువనే వదిలిన, చూడండ్రి."

ఆయన నన్ను ఎత్తిపొడవాలని అనలేదు. చాయ్ తెప్పించి, కూర్చోవడానికి పత్తి బస్తా కూడా చూపించాడు. అయినా వేడెక్కితే కొలత మారుతుందన్న సంగతిని ఏ సర్టిఫికెట్టూ లేని మనిషి నోట విని, చాయ్ సగంలోనే కింద పెట్టి లేచాను.

తొమ్మిది గంటలకు సింధనూరు బస్సు దొరికింది. ప్రభుత్వ బస్సులు గంటకు రెండు మూడైనా ఉంటాయి. మాన్వి మీదుగా రెండున్నర గంటలకు పైగా పడుతుంది, టికెట్టు నూట పాతిక లోపే. పక్క సీటులో కూర్చున్న అమ్మాయి ఆధార్ కార్డు చూపి, ఇక్కడ ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు తీసుకుంది. మాన్విలో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుందట, పేరు రేణుక. నా పని ఏమిటో అడిగి తెలుసుకుని, "అంటే మీరు మిషన్లకు డాక్టరన్నట్టు," అని తేల్చేసింది. అనుమానం వచ్చిన నమూనాను ఏం చేస్తావని అడిగాను.

"మళ్లా రక్తం తీస్త సార్. తిడ్తరు. 'ఏందమ్మా, నా రక్తమంతా నీకే ఇయ్యాల్నా' అంటరు. అననీ. రిపోర్టు మీద సంతకం నాది కద."

"ఎప్పుడైనా తప్పు రిపోర్టు ఇచ్చావా?"

"ఒక్కసారి ఇచ్చిన. రెండు పేర్లు తారుమారైనయి. ఆ సాయంత్రమే పేషెంటు ఇంటికి పోయి చెప్పొచ్చిన. శాన పరేషాన్ అయిన సార్ ఆ రోజు." తర్వాత నా వైపు తిరిగి మామూలుగానే అడిగింది, "మీరెప్పుడన్న ఇచ్చిండ్రా?"

ఇచ్చానని చెప్పాను. చెప్పడానికి రెండేళ్లు పట్టిందని మాత్రం చెప్పలేకపోయాను. పదీపావుకు ఆమె మాన్విలో దిగిపోయింది.

సింధనూరులో బస్టాండు ఎదుటి ఖానావళి భోజనశాలలో జొన్న రొట్టె, ఎణ్ణెగాయి అనే గుత్తివంకాయ కూర, పెరుగు కలిపి ఎనభై రూపాయలు. రొట్టె మెత్తగా, వేడిగా ఉంది, సగమే తినగలిగాను. వడ్డించే ఆమె "రుచి ఇల్వేన్రీ?" అని, రుచిగా లేదా అన్నట్టు, నొచ్చుకుంది. అక్కడి నుండి బాళగనూరుకు షేర్ ఆటో. దారి పొడవునా కాలువ నీటి వరి పొలాలు, కొన్నిచోట్ల కోతలు, రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం. ఒంటిగంటకు మిల్లు ముందు దిగాను.

మిల్లు యజమాని ప్రసాద్ గారు ఎదురొచ్చి చేయి పట్టుకున్నారు. కాలువ కింద సేద్యం కోసం ఆయన తండ్రి కోస్తా నుండి వచ్చారట. మాట ఇంకా అక్కడిదే. "రండి సార్, రండి! మీరొచ్చెళ్లాక మా బియ్యం ఒక్క లాటు కూడా వెనక్కి రాలేదండి. అంతా మీ మీటరు మహిమే!" ఆఫీసు గోడ మీద నా నివేదిక అట్టకు అంటించి ఉంది. మూడో పంక్తిలో సూర్యం గారి పేరు దూరం నుండే కనిపించింది.

"ఆ నివేదిక తప్పండి," అన్నాను. వేడి నమూనా సంగతి వివరించాను.

ఆయన నమ్మలేదు. "తప్పయితే రెండేళ్లుగా ధాన్యం ఇంత బాగా ఎలా ఉంటుందండీ? ఏయ్ నాగరాజూ, ఇలా రా! సారు ఏదో అంటున్నారు, ఏంటో చూడు."

ఇప్పుడు డ్రయ్యరు చూసుకుంటున్న నాగరాజు ఈ ఊరివాడే, ముప్పై ఏళ్లుంటాయి. నా మాట విని నేల చూపులు చూశాడు. "బయ్యబ్యాడ్రి సార్, తిట్టకుండ్రి... మొదటి వారం తప్ప నేను ఎంటనే ఎప్పుడూ కొలవలే. ఆ వారం మీరు కొలిచినట్టే కొలిచిన. గోదాంల వడ్లు ఎచ్చగైనయి. భయమై, బాయిలర్ కాడికి పోయి సూర్యమన్నను అడిగిన. డబ్బాల మూతపెట్టి సల్లారనియ్యి, అప్పుడు చూడు అన్నడు. గట్లనే చేస్తున్న. తన పేరు సెప్పొద్దన్నడు."

రెండేళ్లుగా నాకు దక్కిన మెప్పు ఎవరిదో అప్పుడు అర్థమైంది. ఊక పోసే చోట నిలబడి, నా తప్పును రోజూ దిద్దుతూ, నా పేరునే నిలబెట్టిన మనిషి సంపాదన అది.

సూర్యం గారిని పిలిపించారు. యాభై అయిదేళ్ల మనిషి, చేతులకు బూడిద. తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి, "మీటరు సారా! బాగున్నారా అండీ?" అన్నారు. దారంతా సిద్ధం చేసుకున్న మాటలు సగం మరచి, మిగతావి చెప్పాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నారు. "అంటే ఆ రోజు నేను చెప్పింది సరైందేనా అండి?"

"సరైందే. నేను విన్నాను కూడా. విని కూడా పట్టించుకోలేదు."

"విన్నారా?" అన్నారు. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. "మిషన్ల చప్పుడులో మీకు వినపళ్లేదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ. చదువుకున్నాయన, వినుంటే రాయడు కదా అనుకున్నాను."

నేను సంచిలోంచి తేమ మీటరు తీశాను.

"అయితే పదండి, ఇప్పుడు కొలుద్దాం," అన్నారాయన. డ్రయ్యరు కింద గుప్పెడు ధాన్యం పట్టి, వెంటనే కొలిచాము: పదమూడు శాతం. అదే ధాన్యాన్ని స్టీలు డబ్బాలో పోసి మూత బిగించి నా ముందు పెట్టారు. ప్రసాద్ గారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. సూర్యం గారు మాత్రం ఒక బస్తా లాగి నాకు వేశారు. "కూర్చోండి సార్. ఈ ముప్పావుగంట ఆ రోజే కూర్చునుంటే ఇంత దూరం రావాల్సిన పని ఉండేదే కాదు." నాగరాజు కిసుక్కున నవ్వి, యజమాని ముఖం చూసి ఆపుకున్నాడు. నేను నవ్వాను; నవ్వుతుంటే కళ్లు మండాయి, ఊక దుమ్ము వల్ల మాత్రమే కాదు.

చల్లారాక మీటరు పద్నాలుగున్నర చూపించింది. సూర్యం గారు గింజ కొరికి, ఆ అంకెను ముందే చెప్పారు.

కాగితం తీసి దిద్దుబాటు లేఖ రాశాను. కొలత జరిగిన పరిస్థితులు అనుకూలంగా లేకపోవడం వల్ల ఫలితం మారిందని రాసి ఇచ్చాను. ఆయన అక్షరం అక్షరం చదివి, కాగితం నాకు తిరిగి ఇచ్చేశారు. "పరిస్థితులకేం అండీ, అవి బాగానే ఉన్నాయి ఆ రోజు. తొందర మీది." నిజమే. ఆ కాగితం చించి మళ్లీ రాశాను: ధాన్యం చల్లారకముందే నేను కొలిచాను, ఆపరేటరు సూర్యం గారు హెచ్చరించినా పట్టించుకోలేదు, ఆయన అంచనా సరైనది. కింద సంతకం పెట్టాను.

ప్రసాద్ గారు గోడ మీది అట్టను తనే దించారు. "సూర్యం, రేపట్నించి డ్రయ్యరు కాడికి వచ్చెయ్."

"వీణ్ని దింపేసి అయితే రానండి. ఇద్దరం చూస్తాం. వీడికి సన్న రకం సంగతి ఇంకా తెలీదు." ప్రసాద్ గారు సరేనని తల ఊపారు. అప్పుడు సూర్యం గారు లేఖకు ఒక నకలు అడిగారు. "మా ఆవిడకి చూపించాలండి. ఊక పనికి మార్చిన కాణ్నించి, నిజం చెప్పు, ఏం తప్పు చేశావని అడుగుతానే ఉంది." నకలు తీసే యంత్రం అక్కడ లేదు. అందుకని లేఖంతా రెండోసారి నా చేత్తోనే రాసిచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు.

ఇన్నేళ్లూ టెక్నీషియన్ల పనిని మెచ్చుకుంటూ రాశాను. మెచ్చుకోవడానికి వాళ్ల పక్కన నిలబడనక్కర్లేదు. వాళ్ల మాట నా కాగితానికి అడ్డం వచ్చినప్పుడు నేనేం చేశానన్నదే లెక్క. నేను చేసింది ఇది. రెండేళ్లపాటు ఒక ఇంట్లో ఒక భార్య భర్తను అనుమానంగా చూడటానికి నా సంతకం సరిపోయింది. లేఖ రాశాక బరువు దిగుతుందని అనుకున్నాను గాని, దిగలేదు. దిగాలని ఇప్పుడు కోరుకోవడం లేదు కూడా.

వెళ్లాలనుకునే వారికి ఒక సూచన: కోతల కాలంలోనే వెళ్లండి, మిగతా నెలల్లో డ్రయ్యర్లు ఆగి ఉంటాయి. ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డ తీసుకెళ్లండి. ఊక దుమ్ము రెండు రోజులదాకా గొంతులోంచి పోదు.