మడిచినా తెగని కాల్

ఆఫీసులో ఆయన్ని వెనకాల అందరూ 'సరేసార్' అనే పిలిచేవారు. ఆ పిలుపు ఆయన చెవిన పడకపోలేదు. దానికీ సరే అనుకున్నాడు.

ఇంట్లోనే కూర్చుని డాక్టరుకు చూపించుకునే యాప్ ఒకటి తయారుచేసే కంపెనీ అది. తెర మీద ఏది ఎక్కడ కనిపించాలో, ఏ మీట ఎక్కడ ఉండాలో నిర్ణయించడం సరేసార్ ఉద్యోగం. నిర్ణయించడమంటే, యజమాని అన్నది గీసి చూపించడం.

యజమాని ఓ రోజు మడత ఫోన్ కొనుక్కొచ్చాడు. దాన్ని పుస్తకంలా తెరిచి, టప్పున మూసి, "మన యాప్ దీంట్లో పువ్వులా విచ్చుకోవాలి" అన్నాడు. అప్పటికి మామూలు ఫోన్లలోనే రోగి దగ్గితే ఆ దగ్గు డాక్టరును చేరడానికి కాసేపు పట్టేది. ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. పరీక్షించడానికని సరేసార్ చేతికీ ఒక మడత ఫోన్ వచ్చింది. బస్సులో పని లేకపోయినా దాన్ని తెరిచి మూస్తూ, పక్కవాళ్లు చూస్తున్నారో లేదోనని ఓరకంట కనిపెట్టేవాడు.

మొదట్లో అంతా నవ్వులాటే. ఫోన్ తెరవగానే డాక్టరు ముఖం రెండు చెక్కలై, ముక్కు మడతలో ఇరుక్కునేది. తెరిచినప్పుడల్లా యాప్ మళ్లీ మొదటికొచ్చి, 'మీ బాధ ఏమిటి?' అని అడిగేది. సరేసార్ ఓపికగా అన్నీ సరిచేశాడు. డాక్టరును మడతకు పైన, మందుల చీటీని కింద పెట్టాడు. ఫోన్ సగం మడిచి బల్ల మీద నిలబెడితే రోగికి రెండు చేతులూ ఖాళీ. పని తెలిసినవాడే, కాదనలేం. ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది.

"సార్, కాల్ నడుస్తుండగా ఫోన్ మూసేస్తే ఏం చేద్దాం? మూశారంటే మాటలు అయిపోయినట్టే కదా. కట్ చేసేద్దామా?"

"కట్ చేస్తే కాల్ చిన్నదైపోదూ? నడవనీ. మనతో ఎంతసేపుంటే అంత ప్రేమ!"

"సరే సార్."

అలాగే నడిచింది. కాల్ అయిపోయిందనుకుని జనం ఫోన్ మూసి జేబులో వేసుకునేవారు. ఆ జేబుల్లోంచి డాక్టర్లు బస్సు హారన్లూ, గిన్నెల చప్పుళ్లూ, అత్తాకోడళ్ల తగువులూ వింటూ ఉండేవారు. కాల్స్ ఎంతసేపు సాగుతున్నాయో చూసి మురిసిపోయిన యజమాని ఆఫీసులో కేకు కోయించాడు.

ఆ రోజుల్లోనే సరేసార్‌కు కడుపులో మంట మొదలైంది. తిన్నా మంటే, తినకపోయినా మంటే. వంటింటి బల్ల మీద ఫోన్ నిలబెట్టి, సొంత యాప్‌లోనే పెద్ద డాక్టరమ్మకు చూపించుకున్నాడు. ఆవిడ యజమానికి స్వయానా అక్క.

"కారం తగ్గించానండీ, కాఫీ మానేశాను. అయినా తగ్గట్లేదు."

"మీ జబ్బు తిండిది కాదండీ. ఎవరిమీదో కోపం మింగుతున్నట్టున్నారు. లోపల కుక్కుకోకండి, ఇంట్లోవాళ్ల దగ్గరైనా కక్కేయండి. మందు రాసి పంపిస్తాను."

సరేనండి అని ఫోన్ టప్పున మూశాడు.

"ఏమందావిడ?" అంది కూరలు తరుగుతున్న భార్య.

"కోపం కక్కెయ్యమంది."

"అయితే కక్కు. ఎవరొద్దన్నారు?"

కక్కాడు. మొగుడికి అంత గొంతుందని ఆవిడకు పెళ్లయ్యాక తెలియడం అదే మొదలు.

"మూస్తే మూసినట్టేనని పసిపిల్లాడికి తెలుసు, మా యజమానికి తెలీదు! జేబులో చప్పుళ్లు వింటూ కూర్చోవడం వైద్యమా? నేను చెప్పబోతే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు! పైగా కేకొకటి! వాడి బుర్రలో గుజ్జుకు బదులు..."

"గుజ్జుకు బదులు?" అంది ఫోన్.

మొగుడూపెళ్లాలిద్దరూ కొయ్యబారిపోయారు.

"ఆపారేం? బాగానే వస్తోంది," అంది డాక్టరమ్మ, మూసిన ఫోన్లోంచే. "నేనింకా మందు రాస్తూనే ఉన్నాను, మీరు తిట్లు అందుకున్నారు. వాడు చిన్నప్పట్నుంచీ అంతేలెండి. మొన్న ఒక పెద్దాయన నన్ను జేబులో వేసుకుని బాత్రూముకు తీసుకెళ్లాడు. తమ్ముడికి నాలుగు తగిలిద్దామనే ఉన్నాను."

"అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను, నా పేరు మాత్రం..."

"మీ పేరెందుకండీ? పెద్దాయన ఉన్నాడుగా."

మర్నాడు యజమాని అందర్నీ పిలిపించాడు. "పొద్దున వాకింగులో నాకో ఆలోచన తట్టింది. ఫోన్ మూస్తే కాల్ కట్టయిపోవాలి. రోగి గుట్టంటే మనకు ప్రాణం!" అన్నాడు. అందరికంటే ముందు మోగిన చప్పట్లు సరేసార్‌వి.

నెల తిరక్కుండానే కాల్స్ పొట్టివైపోయాయి. యజమాని ఆయన్ని గదిలోకి పిలిచి, "కాల్ ఆపే మీట అంత ఎదురుగా ఉండాలా? చూడు, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. కుదరదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు కూడా. కానీ ఆ ఫోన్లో వేలికి అందీ అందని చోటు ఎక్కడుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? సాయంత్రానికల్లా ఆ ఎర్రమీటను తీసుకెళ్లి సరిగ్గా మడత మీద పెట్టాడు. యజమాని భుజం తట్టాడు.

మంట తగ్గలేదు. డాక్టరమ్మ మందు మార్చింది.