ఎడమకు జారిన బొట్టు

దయ్యాలను నేనెన్నడు నమ్మలే. చదివింది ఐదో తరగతే గానీ, కండ్లతోటి చూసిందే చెప్త, చూడంది చెప్ప. ఆ పగటిపూట చూసింది మాత్రం ఇప్పటికీ మనసుల మెసలుతనే ఉంటది.

మేముండేది చిల్కానగర్. మా ఆయన కరెంటు కారు కిరాయికి నడుపుతడు. ఆ రోజు పన్నెండు దాటినంక జనగామ నుంచి అల్లుడు ఫోన్ చేసిండు. బిడ్డకు నొప్పులు ముందుగాలనే వచ్చినయి, ఆపరేషన్ చెయ్యాల్నట. "అమ్మ రాంది లోపలికి పోను" అని బిడ్డ ఒకటే ఏడుపట. నాలుగింటి దాకనే ఆగుతనందట డాక్టరమ్మ. కట్టుకున్న చీర మీదనే ఎల్లిన.

కారుల ఛార్జింగ్ తొమ్మిది శాతమే ఉంది. ఉప్పల్ల ఛార్జింగ్ పెట్టినం. పొద్దుగాల గదే స్టేషన్ల మంచిగ ఎక్కింది. ఇప్పుడేమో పావుగంటకు రెండు శాతం. ఏసీ బంద్ చేసినం. ఛార్జింగ్ పెట్టే గన్ను తీసి మళ్ల పెట్టినం. రెండు కార్లుంటే కరెంటు పంచుకుంటదంటే, పక్క కారు పోయేదాక ఆగినం. ఫరక్ లేదు. నేను కూసున్న, లేచిన, అంకె చూసిన, మళ్ల కూసున్న.

"బస్సెక్కి పోత" అన్న.

"నీ బస్సు ఆగాగి పోయేసరికి పుట్టినోడు నడక నేరుస్తడు. జర ఆగు" అన్నడు మా ఆయన. నవ్వు రాలే.

ఆ మిషన్‌దే తప్పేమోనని నాచారం పోయినం. అక్కడ గూడ అంతే. స్టేషన్ చూసుకునేటాయన అన్నడు, "రెండు జాగల్ల గిట్లనే అంటే ఖరాబు కారుల్నే ఉన్నట్టు. గన్ను పెట్టే మూతి లోపల సూడన్నా."

గన్ను తీసి చూస్తే లోపల పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. తడి గూడ ఆరలే.

"ముందట నిమ్మకాయ కట్టింది సాలదని నోట్లె గూడ బొట్టు పెట్టినవానే?" అని మా ఆయన గయ్యిమన్నడు. దసరాకు టైర్లకు, బానెట్‌కు పెట్టిన మాట నిజమే. కరెంటు మూతి జోలికి మాత్రం ఎన్నడు పోలే. నాకు భయం.

ఆ బొట్టు ఎడమకు జారి ఉంది. అది చూసి మా ఆయన కాళ్ల చెప్పులు ఇడిచిండు. నాచారం కార్ఖానాల పనిచేసేటప్పుడు మిషన్ల పడి మా అత్త ఉంగరం వేలు వంకరైంది. ఎవ్వలకు బొట్టు పెట్టినా ఎడమకే జారేది. ఊరికి పోయేటోళ్లను బొట్టు పెట్టంది గడప దాటనియ్యకపోయేది. ఆ రోజు తొందరల నేను బొట్టు లేకుండనే ఎల్లిన.

మా అత్త పోయిన రెండేండ్లకు కొన్నం ఈ కారు.

మా ఆయన పొడి బట్టతోటి తుడిచి గన్ను పెట్టంగనే ఛార్జింగ్ జరజర ఎక్కింది. నాలుగుకు పది నిమిషాలుండంగ దవాఖానాల దిగినం. బిడ్డను అప్పుడే లోపలికి తీస్కపోతున్నరు. నన్ను చూసి ఏడుపు ఆపింది. నెత్తి నిమురుదామని వంగిన.

నుదుటి మీద కుంకుమ బొట్టు, ఎడమకు జారి.

వియ్యపురాలిని అడిగిన. "ఆపరేషన్‌కని నర్సమ్మ తుడిచేసింది గద వదినా. నేనైతే పెట్టలే" అంది.

మనుమరాలు పుట్టింది. తల్లీపిల్లా మంచిగున్నరు. కారు తుడిచిన బట్ట నేను ఉతకలే, మరక అట్లనే ఉంది. ఎవలు పెట్టిన్రో, ఎట్ల పెట్టిన్రో నాకు తెల్వదు, తెలిసినట్టు చెప్ప.

ఆనాడు తిట్టిన మనిషే, ఇప్పుడు బండి తీసే ముందు నా ముందటికొచ్చి నుదురు వంచుతడు.