మా శంకర్ స్పిన్నర్ మీద నా స్టిక్కర్ బొట్టు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మా తమ్ముడు శంకర్ పేరు.

టెస్టింగ్‌కి పిలుస్తున్నాడనుకున్నాను. స్టవ్ మీద పప్పుంది, ఇప్పుడెట్ల పోవాలి అని విసుక్కుంటూనే ఎత్తాను.

శంకర్ కాదు. మరదలు లక్ష్మి.

"వదినా, లేపితే లేస్తలేడు" అంది.

గ్యాస్ లీకవుతుందేమో, లిఫ్ట్ ఆగిపోతుందేమో అని దినమంతా భయపడే మనిషిని నేను. ఆ ఫోన్‌కి మాత్రం భయపడలేదు.

నిద్రలోనే పోయాడు.

శంకర్ టీవీ మెకానిక్ అని మా బోయిగూడలో అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు గేమ్ పార్లర్ల మిషన్లు కూడా బాగుచేసేవాడు. బాగైందో లేదో చూడాలని గంటలకొద్దీ ఆడేవాడు. అదే వాడి సంతోషం.

పోయినేడు పెరాలిసిస్ వచ్చి కుడిచేతి వేళ్లలో బలం పోయింది. ఆ పాత గేములు ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్‌లోనే ఆడొచ్చట. ఏం లాభం? బటన్ నొక్కడానికి వేలు లేవదు.

"వేళ్లు పోతే పోనీ అక్కా. మణికట్టు తిరుగుతది గద. తిప్పుకుంటనే ఆడత" అన్నాడు.

అట్లా మొదలైంది ఆ స్పిన్నర్, బటన్ నొక్కకుండా తిప్పి ఆడే మిషన్.

పాత వీసీఆర్‌లో గిర్రున తిరిగే డ్రమ్ము తీసి, దానికి గుండ్రటి నాబ్ బిగించాడు. కింద పాత మౌస్‌లోని చిల్లుల చక్రం. నాబ్ తిప్పితే స్క్రీన్ మీద బ్యాట్ జరుగుతుంది. దాంతో బంతిని కొట్టి ఇటుకలు పగలగొట్టాలి.

నాకు ఒకటే పరేషాన్. షాక్ కొడితే? బీపీ పెరిగితే?

"దీని కరెంటుకు చీమ సుత చావది అక్కా" అని నవ్వేవాడు.

దసరాకి పనిముట్లకు పూజ చేస్తాం కదా. పనిచేసేది లోపలి చక్రమైతే పైన డబ్బాకు పెట్టడమేంటని, మూత తీసి చక్రానికే కుంకుమ పెట్టాడు.

తెల్లారి కుడికి తిప్పితే బ్యాట్ ఎడమకు దూకింది! వైరు మార్చాడు, సెట్టింగులు మార్చాడు. నేను దిష్టి అనుకొని నిమ్మకాయ తెచ్చాను.

చివరికి మూత తీస్తే చిల్లుల నిండా కుంకుమ. చిల్లుల్లోంచి వెలుగు దాటితేనే ఎటు తిరిగిందో దానికి తెలుస్తుందట.

"ఊరందరి టీవీలకు డాక్టర్‌వి. నీ మిషన్‌కు నువ్వే జరం తెప్పించినవ్!" అని లక్ష్మి ఒకటే నవ్వు.

తుడిచి మూత బిగించాడు. బొట్టు లేకుండా ఎట్లా? నా మనసొప్పలేదు. పర్సులోంచి స్టిక్కర్ బొట్టు తీసి నాబ్ పైన అంటించాను.

శంకర్‌కు అదే గుర్తయింది.

"అక్కా, జెర జోరుగ అటు తిప్పి, బొట్టును మళ్ల నీ దిక్కు తే. బ్యాట్ సుత బయలెల్లిన కాడికే వస్తే మన మిషన్ పాస్."

అదీ నా టెస్టింగ్. బొట్టు వచ్చేది, బ్యాట్ కొంచెం తప్పేది. వాడు సరిచేసేవాడు, మళ్లీ ఫోన్ చేసేవాడు.

మొన్న ఆదివారం రెండూ సరిగ్గా వచ్చి ఆగాయి.

అప్పుడు తన కుడిచేయి నాబ్ మీద పెట్టాడు. జారుతుందేమోనని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. జారలేదు. చివరి ఇటుక కూడా పగిలింది.

వాడు స్క్రీన్ చూడలేదు. తన చెయ్యి చూసుకున్నాడు.

"నాదే అక్కా ఈ చెయ్యి" అన్నాడు.

తమ్మీ, భయపడటం నా గుణం, అది పోదు. నీ గురించి మాత్రం ఇక భయం లేదు. ఆడుకున్నాకే పోయావు.

నిన్న సాయంత్రం నాబ్ ఒకసారి తిప్పాను. బొట్టు మళ్లీ నా దిక్కే వచ్చింది.

పాసయ్యావు శంకరా. చల్లగా పడుకో.