కాదిస్‌లో చెట్టున్న ఇల్లు

రంగూన్ పజుండౌంగ్ పేటలో మా వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే పద్మిని వదిన, స్పెయిన్‌లో దిగడానికి ఒక ఇల్లు చూసిపెట్టమని నా కొట్టుకు వచ్చింది. నాది టికెట్ల కొట్టు. ఒక బల్ల, ఒక ఫ్యాను, కరెంటు దయ తలిస్తే వెలిగే ఒక కంప్యూటరు. బర్మా వాళ్ళని బుద్ధగయకు, మనవాళ్ళని తిరుపతికి పంపుతుంటాను. ఆ రెండు దారులూ కళ్ళు మూసుకుని చెప్పగలను. స్పెయిన్ పేరెత్తేసరికి మాత్రం ఒళ్ళు మండింది. తెలియని పని చెయ్యమంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే జాలి వస్తుంది. మా ఆవిడ కూడా నా గురించి ఇదే మాట అంటుంది.

"సరదాకి ఎల్తన్నానా దండాసి బావూ? నీకు తెల్దా?" అంది వదిన.

తెలుసు. వీధి మొత్తానికి తెలుసు.

ఆవిడ భర్త సూరన్నయ్య సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. తాత రంగూన్ రేవులో మూటలు మోశాడు, మనవడు ఓడెక్కాడు. వెళ్తే నెలల తరబడి కనపడేవాడు కాదు. ఎప్పుడొస్తాడో ముందుగా చెప్పి రావడం ఆయనకు చేతకాని పని. ఇక్కడి మేడల్లో అందరికీ ఉన్నట్టే వాళ్ళ నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి కూడా వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది. పై కొసకి చిన్న గంట, కింది కొసకి క్లిప్పు. కూరలమ్మే మనిషి తాడు లాగి గంట మోగిస్తే పైవాళ్ళు సరుకు చేదుకుంటారు. సూరన్నయ్య టాక్సీ దిగుతూనే ఆ తాడు పట్టుకుని గంట ఊడిపోయేలా ఊపేవాడు. వదిన బాల్కనీలోకి వచ్చి, వీధంతా వినేలా తిట్టి, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి వచ్చేది. ఆ తిట్లు వినడానికి మేమంతా కొట్లలోంచి బయటికి వచ్చి నిలబడేవాళ్ళం.

ప్రపంచమంతా తలుపులు వేసుకున్న ఆ రోగం ఏడాది, ఆయన ఓడ స్పెయిన్‌లో కాదిస్ అనే పాత రేవు పట్నంలో ఆగింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే పోయాడు. విమానాలు లేవు, మనిషిని ఇంటికి పంపే దారి లేదు. కంపెనీ మనిషి వదినకు ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: దహనం చేయించమంటారా, పాతిపెట్టించమంటారా? దహనమైతే బూడిద పార్సిల్లో పంపగలమని కూడా చెప్పాడు.

వదిన పక్కన నేనున్నాను, కోవెల పెద్ద యర్రయ్య మావ ఉన్నాడు, ఇంకా నలుగురున్నారు. మన పద్ధతిలో చితికి నిప్పు పెట్టాల్సింది అయినవాళ్ళు. వాళ్ళకు పిల్లల్లేరు, కాబట్టి ఆ చెయ్యి వదినదే. ఆవిడ ఏడుస్తూనే ఫోన్లో బర్మీస్‌లో జవాబు చెప్పింది. చెప్పి, మా వైపు తిరిగి అదే మాట తెలుగులో అంది.

"పరాయోళ్ళు నిప్పెడతారా ఆయనకి? వొద్దన్నాను. పాతిపెట్టమన్నాను. దారి తెరిసినాక నానే ఎల్లి తెచ్చుకుంటాను."

మేమందరం తలలూపాం. ఆ వేళకు అదే సరైన మాట అనిపించింది.

అక్కడ దారి తెరిచేసరికి ఇక్కడ మూసుకుంది. సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకున్నాక ఏం జరిగిందో ఇప్పుడు నేను రాయక్కరలేదు. పాస్‌పోర్టు ఆఫీసు వరసలు, ఇవ్వడం ఆపేశామనడం, మళ్ళీ మొదలుపెట్టామనడం. ఆవిడ ప్రతిసారీ వెళ్ళి నిలబడేది, ఉత్త చేతులతో వచ్చి మిషను తొక్కుకునేది. వీధిలో కొన్న లుంగీ గుడ్డ అక్కడికక్కడే ఆవిడ చేతికిస్తే, మాట్లాడుతుండగానే అంచులు కలిపి కుట్టి ఇచ్చేస్తుంది. అదే బతుకుతెరువు. యర్రయ్య మావ చాలాసార్లు నచ్చజెప్పాడు. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి కర్మ ముగిస్తారు, అలా కానిచ్చెయ్యమ్మా అన్నాడు. వదిన ఆయన మీదికి లేచింది.

"సముద్రంలో పోయినోళ్ళకి బొమ్మ సేస్తారు మావా. ఈయనకేటి? మనిషికి సోటున్నాది. సోటున్నోడికి బొమ్మెందుకు?"

ఈ ఏడు పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఇక వీసా. అది బ్యాంకాక్ వెళ్ళి అడగాలి, అడిగేటప్పుడు ఆ ఊళ్ళో ఎక్కడ దిగుతామో కాయితం చూపించాలి. కంపెనీ ఇచ్చిన పరిహారాన్ని ఆవిడ ఈ ఒక్క పని కోసమే ముట్టుకోకుండా ఉంచింది. అందుకే ఆ వేళ నా బల్ల ముందు కూర్చుంది, వీపు నిటారుగా పెట్టి.

నేను కంప్యూటర్లో కాదిస్ చూపించాను. మూడు వైపులా సముద్రం, పసుపు రంగు గుమ్మటంతో పెద్ద చర్చి, సన్నటి సందులు, రేవు పక్కనే పాత ఊరు. హోటళ్ళ వాళ్ళు కూడా ఒకరిని మించి ఒకరు: మా కిటికీలోంచి సముద్రం, మా డాబా మీంచి గుమ్మటం, మా మెట్లు దిగితే చేపల బజారు.

వదిన అన్నీ చూసి, "వాకిట్లో సెట్టున్నాదా?" అంది.

"ఎందుకూ?"

"ఇంటి బైట కొళాయి కూడా ఉండాల."

నాకు చిరాకెత్తింది. హోటల్లో గదికో కొళాయి ఉంటుంది వదినా అన్నాను. ఆవిడ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. అప్పుడు వెలిగింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు స్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదు. ఎముకల మూట ఇంట్లోకి అసలే తేకూడదు. నీళ్ళలో కలిపేదాకా బయట చెట్టుకి కట్టి ఉంచాలి. మా నాన్నది కూడా అలాగే కట్టాం. నా వయసువాడు అది మరిచిపోయి సముద్రం కనిపించే కిటికీలు వెతుకుతున్నాడు.

సరే, రాయడం మొదలుపెట్టాను. అయ్యా, మీ ఇంటి ముందు చెట్టుందా, తలుపు బయట స్నానానికి నీళ్ళున్నాయా? ఈత కొలను ఫొటో పంపాడు ఒకడు. కుక్కని తెస్తున్నారా, కుక్కలకు ప్రవేశం లేదు అన్నాడు ఇంకొకడు. చాలామంది జవాబే ఇవ్వలేదు. పాత ఊళ్ళో రోసారియో అని ఒకామె, తన ఇంట్లో ఒక గది అద్దెకిస్తుంది, ఆమె మాత్రం చెట్టు ఎందుకని అడిగింది. విసిగిపోయి ఉన్నానేమో, ఉన్నదున్నట్టు రాసేశాను. భర్త ఎముకలు తీసుకువెళ్ళడానికి వస్తోంది, మూట చెట్టుకి కట్టాలి అని. అక్కడితో ఈమె కూడా పోయినట్టే అనుకున్నాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. ఫోను దాన్ని బర్మీస్‌లోకి మార్చి చూపించింది. "ఇంటి ముందు వాకిట్లో నిమ్మచెట్టు ఉంది. పక్కనే కొళాయి. చెట్టుకి ముళ్ళుంటాయి, మూట చిరగకుండా జాగ్రత్తగా కట్టుకోమనండి."

ఆ మాట చదివి వినిపిస్తే వదిన ముఖం విప్పారింది. అన్నేళ్ళలో ఆ ముఖం అలా ఉండగా నేను చూడలేదు. చెట్టు ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి కొమ్మ కొమ్మా చూసింది. గది ఫొటో ముట్టుకోనే లేదు.

"గది కూడా చూడు వదినా. మంచం అదీ ఉందో లేదో."

"గదిదేటుంది బావూ. ఈ కొమ్మ గట్టిది. దీనికే కడతాను."

ఆ వారంలోనే పసుపులో ముంచి ఆరేసిన కొత్త గుడ్డతో సంచి కుట్టింది. కుట్టిన సంచి విప్పి, ఇంకా కాస్త వెడల్పు చేసి మళ్ళీ కుట్టింది. "ఆయన సొక్కా కొలత తెలుసు, లుంగీ కొలత తెలుసు. ఎముకల కొలత ఎంతుంటాదో నాకేటి తెలుసు?" అంది. ఇక్కడికి తెచ్చాక ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. మా వీధిలో చెట్టు లేదు. మూటని మేడ మెట్లెక్కించకుండా, బాల్కనీ తాడు క్లిప్పుకి తగిలించి గాల్లోనే ఉంచి, తెల్లారి పజుండౌంగ్ వాగు దగ్గరికి తీసుకెళ్ళి, తనే నిప్పు పెట్టి నీళ్ళలో కలుపుతుందట. "ఆయనే కదా, తాడు ఊపుతాడు," అని తనే నవ్వింది.

మిగిలింది ఒక్కటే. శ్మశానం ఆ ఊళ్ళో లేదు, వంతెన దాటి పక్క ఊరు వెళ్ళాలి. ఏ బస్సు ఎక్కాలి, ఎంతసేపు పడుతుంది అని రోసారియోని అడిగాను. ఆదివారం నేనే వెళ్ళి దారి చూసి వస్తాను, సమాధి కూడా వెతికి పెడతాను అని రాసింది. ఎవరా మనిషి, మనకేమవుతుంది? వదిన అప్పటికే ఆమెని బర్మా పద్ధతిలో డో రోసా అంటోంది, మా వీధి పెద్దావిడల్లో ఒకర్తెను పిలిచినట్టు.

ఆదివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. మాట ముందుకు సాగలేదు, ఏడుస్తోంది. నాకు భాష రాదు గాని ఏడుపు తెలుసు. తర్వాత ఆమె రాసి పంపినదాన్ని ఫోను మార్చి చూపించింది. అక్కడ ఆ చోటు కొన్నేళ్ళకే ఇస్తారట. గడువయ్యాక అడగడానికి ఎవరూ రాకపోతే, మట్టి తవ్వి ఎముకలు తీసి, అలాంటివాళ్ళందరివీ ఒకే గోతిలో కలిపేస్తారట. అక్కడి పద్ధతి అది. సూరన్నయ్య చోటు ఇప్పుడు ఖాళీ. గడువు దాటి ఎన్నాళ్ళో కాలేదు.

వీధి మొదటికి నడిచాను. వదిన ఎవరిదో లుంగీ సూది కింద పెట్టి ఉంది.

"ఏటంటంది డో రోసా? బస్సు దొరికిందా?"

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, మెత్తగా మాత్రం చెప్పలేదు, నాకు మెత్తగా చెప్పడం రాదు. ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది.

"అందరివీ కలిపీసినారా?"

"ఆఁ."

"ఏరలేమా బావూ? ఆయన ఎడం సెయ్యి ఇరిగి అతికింది కదా, ఓడ మీద పడిపోయి. ఎముక మీద గుర్తుంటాది. నాను పోల్చుకుంటాను. ఓ పాలి అడగవా?"

అడిగే ఉంది రోసారియో, ఆ చెయ్యి సంగతి తెలియకపోయినా. ఆ గొయ్యి తెరవరట. అదీ చెప్పాను.

లుంగీ గుడ్డ కోసం కాచుకున్న బర్మా అబ్బాయి మా ఇద్దరి ముఖాలూ చూసి, తర్వాత వస్తానని వెళ్ళిపోయాడు. వదిన సూది కింది గుడ్డను బయటికి తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"కాల్సమనుంటే బూడిదొచ్చును. పార్సిల్లో ఇంటికొచ్చును బావూ. పరాయోళ్ళ సెయ్యి తగలకూడదన్నాను. ఇప్పుడెవుడి సెయ్యి తగిలిందో, ఎవుడి పక్కన పడీసినారో. నానే వొద్దన్నాను. నానే."

వదినా, మేమందరం తలూపాం కదా అన్నాను. ఆవిడకు వినపడలేదు. నడివీధిలో, మిషను బల్ల మీద తల పెట్టి, గొంతెత్తి ఏడ్చింది. చుట్టూ కొట్లవాళ్ళు లేచి వచ్చారు. వెనకటి తిట్లు వినడానికి వచ్చినవాళ్ళే వాళ్ళంతా. నేను కూడా ఏడ్చాను, సిగ్గుపడలేదు.

తర్వాత యర్రయ్య మావ దగ్గరికి ఆవిడే వెళ్ళింది. బొమ్మ సెయ్యి మావా, నిప్పు నానెడతాను అంది. మావ మంచి రోజు చూశాడు. పసుపు సంచి వృథా పోలేదు, బొమ్మ బూడిద అందులోనే పోస్తానంది. వెడల్పు మరీ ఎక్కువైపోయిందని ఒక పక్క కుట్టు లోపలికి వేసింది.

బ్యాంకాక్ ప్రయాణం ఆపించాను. కాదిస్ గది కూడా మానిపిద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. రోసారియోకి ఏం రాయాలో తెలియక అలా చూస్తుండగా వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గది ఒగ్గీకు, ఉండనీ," అంది.

"ఎవరు దిగుతారు వదినా అక్కడ?"

"నా పేరు కొట్టీసి ఆయన పేరు రాయి. తారీకు మార్సి బొమ్మకి నిప్పెట్టే రోజుకి పెట్టు. ఓడలో ఇంజను గది, తరవాత ఆస్పత్రి, ఆ తరవాత మట్టి, ఇప్పుడు ఆ గొయ్యి. ఆ ఊళ్ళో ఆయనకంటూ ఓ మంచం నేదు బావూ. ఒక్క రేత్రి సెట్టు కాడ పడుకోనీ."

ఇంకో మనిషైతే వాదించేవాణ్ణి. బల్ల మీది గ్లాసులో నీళ్ళు తాగి, పేరు మార్చాను, తేదీ మార్చాను. సంగతేమిటో రోసారియోకి నాలుగు ముక్కలు రాశాను. ఆమె వెంటనే సరేనంది, అద్దె వద్దంది. కాని ఆ కంప్యూటరుకి మన బాధతో పనేముంది? దిగేవాళ్ళు ఎన్ని గంటలకు వస్తారో రాస్తే గాని ముందుకు పోనంటోంది. నాలుగుసార్లు నొక్కాను. పోదు.

"ఏ వేళకి వస్తాడని రాయను వదినా?"

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆయనెప్పుడు సెప్పొచ్చినాడు?" అంది. "తలుపు తీసుంచమను."