పెద్దమ్మ బండిలో నేను పోసిన ఆయిల్

పెళ్లికూతురిని నడిరోడ్డు మీద నిలబెట్టిన ఘనత మా వంశంలో ఒక్కడికే దక్కింది. ఆ ఒక్కడూ నేనే. పెళ్లికొడుకు మనసు మార్చుకోవడం, పెద్దవాళ్ళ మధ్య మాటా మాటా పెరగడం లాంటి మామూలు కారణాలేవీ లేవు. కారణమల్లా ఒక డబ్బాడు ఇంజిన్ ఆయిల్. చెబుతాను, వినండి. విన్నాక నన్ను మీ బండి దగ్గరికి రానివ్వరని తెలిసే చెబుతున్నాను.

తొంభైల మొదటి రోజులవి. నేను హైదరాబాదు ఉస్మాన్‌గంజ్‌లో ఇంజిన్ ఆయిళ్ళు అమ్మే దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఆ డబ్బాల మధ్య నిలబడి నిలబడి, ఆయిల్ గురించి నాకు తెలియంది ఈ భూమ్మీద లేదనే నమ్మకం కుదిరింది. చందనం చెట్టు పక్కనున్న తుమ్మకు కూడా వాసన అంటుతుందంటారు కదా. తుమ్మకు అంటేది వాసనే, ముళ్ళెక్కడికీ పోవని నాకెవరూ చెప్పలేదు.

మా పెద్దమ్మ మెదక్ వైపు ఒక మిషన్ దవాఖానలో నర్సుగా చేరి మేట్రన్‌గా రిటైరైంది. ఆమె వార్డులోకి వస్తుంటే రోగులే కాదు, డాక్టర్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళట. పెదనాన్న పోయాక, నాంపల్లి స్టేషన్ వెనక సొంతింట్లో కూతురు షారోన్‌తో ఉండేది. ఇంటి పక్క రేకుల షెడ్డులో పెదనాన్న కారు ఉండేది. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతున్న ఒక దొర డాక్టరు దగ్గర ఆయన కొన్నది. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. మూతి ముందుకు సాగి, వెనక భాగం నేలకు ఒంగి, దూకబోయే చిరుతపులిలా ఉండేది. దాని మీది గుడ్డ తీసినప్పుడల్లా నా గొంతు దానంతటదే తగ్గిపోయేది, చర్చిలోకి అడుగుపెట్టినట్టు.

షారోన్ అక్కకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్ళది గుంటూరు వైపు. పెద్దమ్మ ఒకే ఒక్క కోరిక బయటపెట్టింది.

"పెండ్లయినంక మీ పెదనాన్న నన్ను గీ బండిలనే ఇంటికి తోల్కొచ్చిండు. ఆయన లేడు. షారోన్‌ను చర్చికి గీ బండిలనే నేను తోల్కపోత."

ఇంజిన్ బాగానే ఉంది. ఏళ్ళ తరబడి కదలక బ్రేకు, క్లచ్చి రెండూ చచ్చుబడ్డాయి. పెడలు తొక్కితే నేల దాకా పోయేది, కారు మాత్రం తన పని తాను చూసుకునేది.

"మంచి మెకానిక్‌ను పిలుద్దాం," అంది అక్క.

"ఎందుకక్కా, నేనున్నాను కదా," అన్నాను.

"గదే నా ఫికర్," అంది.

పెద్దమ్మ మాత్రం నన్ను పైనుంచి కింది దాకా చూసి, "చెయ్యనియ్యి. పెదనాన్న బండి, ఇంటి పిలగాడు చేస్తెనే మంచిది," అంది. ఆ నమ్మకానికి నా ఛాతీ ఉబ్బింది. తర్వాత ఇంకా చాలా ఉబ్బబోతున్నాయని అప్పటికి తెలియదు.

బానెట్ ఎత్తి చూస్తే, బ్రేకుకీ క్లచ్చికీ కలిపి ఒకే ఒక చిన్న ఇనప డబ్బా. దాన్నిండా ద్రవం ఉండాలి. అక్కణ్ణుంచి చిటికెనవేలి కంటే సన్నటి గొట్టాలు నాలుగు చక్రాలకీ పోతాయి. కాలితో తొక్కితే ఆ ద్రవం కదిలి చక్రాల్ని పట్టేస్తుంది. అంతే. తాళ్ళు లేవు, గొలుసులు లేవు. గుక్కెడు ద్రవం అంత పెద్ద కారు మెడలు వంచుతుందంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. షెడ్డులో నేల మీద పడుకుని ఆ గొట్టాల్ని చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో. పెద్దమ్మ వచ్చి, "నిద్రవోయినవా?" అని కాలితో పొడిచింది.

అన్నీ విప్పి, తుడిచి, అరిగిపోయిన రబ్బరు వాచర్లు పట్టుకుని ఆబిడ్స్‌లో ఒక స్పేర్ పార్టుల షాపుకెళ్ళాను. షాపాయన సరిపోయే కొత్తవి వెతికి ఇచ్చి, "బ్రేక్ ఆయిల్ గూడ ఇయ్యమంటవా?" అనడిగాడు.

నాకు నవ్వొచ్చింది. "అన్నా, నేను పనిచేసేదే ఆయిల్ షాపుల. తిరుపతోనికి లడ్డు అమ్ముతవా?"

ఆయన కూడా నవ్వాడు. పాపం, నా దుకాణంలో బ్రేక్ ఆయిల్ ఉందనుకున్నాడు. నేనేమో పేరులో ఆయిల్ ఉంది కాబట్టి ఏ ఆయిలైనా ఒకటే అనుకున్నాను. ఇక్కడే అసలు సంగతి ఉంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, బ్రేక్ ఆయిల్లో ఆయిల్ అంతే. అది వేరే ద్రవం. దాని బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. ఈ సత్యం మీకు ఇప్పుడే తెలిసింది. నాకు పెళ్లి అయ్యాక తెలిసింది, అదీ వేరొకరి పెళ్లి.

మా దుకాణంలోకెల్లా మేలు రకం ఇంజిన్ ఆయిల్ తెచ్చి పోశాను. గొట్టాల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. పెద్దమ్మ సీట్లో కూర్చుంది, నేను చక్రం వెనక పడుకున్నాను.

"తొక్కు పెద్దమ్మా."

"తొక్కిన."

"వదలకు." స్క్రూ వదులు చేశాను. బుడగలు బుసబుసమంటూ వచ్చాయి. బిగించాను. "ఇప్పుడు వదులు."

"ఇంజక్షనిచ్చే ముందుగాల సూదిల గాలి తీసినట్టే గదరా," అంది పెద్దమ్మ. ఆమెకి అంతా అర్థమైపోయింది. నాకే కాలేదు.

ఆ సాయంత్రం గల్లీ చివరి దాకా తోలి చూసింది. తొక్కగానే ఆగింది. క్లచ్చి వెన్నలా ఉంది. పెద్దమ్మ స్టీరింగును ఒకసారి నిమిరింది. తర్వాత నా తల నిమిరింది. నేనొక మహానుభావుణ్ణని ఆ రాత్రి నాకు ఏ అనుమానమూ లేకుండా తెలిసిపోయింది.

పెళ్లి ఆ వారంలోనే. ఆ వారమంతా షెడ్డులో రబ్బర్లు చప్పుడు చేయకుండా ఉబ్బుతూనే ఉన్నాయి.

పెళ్లి రోజు మధ్యాహ్నం పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. తెల్లచీర, ముసుగుతో అక్క పక్కన. నేను కొత్త సూటేసుకుని, స్క్రూలు తిప్పే పానాలు సంచీలో పెట్టుకుని స్కూటర్ మీద వెనకాల. స్టేషన్ రోడ్డులో మనుషులు ఆగి మరీ చూశారు. ఒక ఆటో అతను సైతం దారిచ్చాడు. హైదరాబాదులో ఆటో దారివ్వడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు.

ఆబిడ్స్ దగ్గరపడేసరికి కారు బరువెక్కినట్టు నడిచింది. చక్రాల దగ్గర సన్నగా పొగ. అక్క వెనక్కి తిరిగి, "తమ్మీ, ఏదో కాలుతున్న వాసనొస్తుంది," అంది.

"కొత్త రబ్బరు అక్కా, మొదట్లో అట్లనే ఉంటది," అన్నాను స్కూటర్ పక్కకు తెచ్చి.

పెద్ద పోస్టాఫీసు ముందు చౌరస్తా మధ్యకొచ్చి కారు ఆగిపోయింది. పెద్దమ్మ బ్రేకు మీద కాలే వేయలేదు, ఉబ్బిన రబ్బర్లు ఆయిల్‌ను వెనక్కి రానివ్వక బ్రేకులే వాటంతటవి పట్టేసుకున్నాయి. అన్ని వైపులా హారన్లు మొదలయ్యాయి. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు.

"ఏందమ్మా, గీడ ఆపిన్రు?"

"నేను ఆపలే. అదే ఆగింది," అంది పెద్దమ్మ.

ఆయన నలుగురిని పిలిచి తోయించాడు. ఇంకో నలుగురు కలిశారు. కారు వేళ్ళు దిగిన చింతచెట్టులా ఉంది. అక్క ముసుగు పక్కకు జరిపి నాతో నెమ్మదిగా, "చర్చిల అందరూ చూస్తుంటరు. ఆటో ఎక్కనా?" అంది. ఆమె కళ్ళు తల్లివైపు తిరిగాయి. ఆ కారులోనే వెళ్ళాలని ఆమెకూ ఉందని అప్పుడు తెలిసింది.

పెద్దమ్మ దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చక్రం పక్కన కూర్చుని, జ్వరం చూసినట్టు చెయ్యి దగ్గరగా పెట్టింది.

"లోపట ఒత్తిడి పట్టింది. చీముగడ్డకు మూతి చేసినట్టు చేస్తె గని దిగదు. గాలి తీసే స్క్రూలు తెరువు."

"తెరిస్తే బ్రేకులుండవు పెద్దమ్మా."

"ఇప్పుడు బ్రేకు ఎక్కువైందే బాధ. లేకుంటె నేను జూసుకుంట. తెరువు."

కొత్త సూటుతో రోడ్డు మీద పడుకున్నాను. ఒక్కో స్క్రూ తిప్పుతుంటే వేడి ఆయిల్ చిమ్మి మొహం మీద, చొక్కా మీద పడింది. నాలుగో చక్రం దగ్గర కారు నిట్టూర్చినట్టు ఊగి, కదిలింది.

ఇక బ్రేకు లేదు. అదే ఆయిల్‌తో నడిచే క్లచ్చి కూడా పోయింది. పెద్దమ్మ గేరు వేసే ఉంచి సెల్ఫు కొట్టింది. కారు గంగిరెద్దులా తలూపుతూ రెండు గెంతులేసి, ఇంజిన్ అందుకుంది. కానిస్టేబులు తనకు తానే పరిగెత్తి చౌరస్తా మొత్తం ఆపేశాడు. బస్సులు, ఆటోలు, తోపుడుబండ్లు అన్నీ ఆగి చూస్తుండగా, అరవై దాటిన మా పెద్దమ్మ చేతిబ్రేకు మీద ఒక చెయ్యి, స్టీరింగు మీద ఒక చెయ్యి వేసి, ఒకే గేరులో, వీపు నిటారుగా పెట్టుకుని సాగిపోయింది. నేను జిడ్డు మొహంతో నోరు తెరుచుకుని స్కూటర్ మీద వెనక పోయాను. రాణులు రథాలు తోలారని విన్నాను. చూడటం అదే మొదలు.

చర్చి గేటులోకి తిరిగేసరికి మెట్ల ముందు చుట్టాలూ ఫొటోగ్రాఫరూ గుంపుగా ఉన్నారు. ఆపితే మళ్ళీ కదులుతుందన్న నమ్మకం లేదు. పెద్దమ్మ అందరికీ చెయ్యి ఊపుతూ వాళ్ళ ముందు నుంచే పోయి చర్చి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఆలోపు నేను జనాన్ని పక్కకు తోశాను. రెండోసారి వచ్చినప్పుడు తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆపేసి, చేతిబ్రేకు లాగింది. కారు సరిగ్గా మెట్ల ముందు ఆగింది. అక్క దిగింది. తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి నడిచారు. నా కళ్ళు మండాయి. ఆయిల్ వల్లనే అని అందరికీ చెప్పాను.

పెళ్లయ్యాక పెళ్లికొడుకు తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన నా జిడ్డు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బాబూ, పెళ్లికూతుర్ని కార్లో చర్చి చుట్టూ తిప్పి దింపడం మీ హైదరాబాదు పద్ధతంట కదండీ. మా గుంటూరు వైపు ఎక్కడా చూళ్ళేదు. ఎంత నిండుగా ఉందో. కారు సిద్ధం చేసింది మీరేనని మీ పెద్దమ్మగారు చెప్పారు. సంక్రాంతి వెళ్ళాక మా చిన్నోడి పెళ్లి. మీరే వచ్చి మా అంబాసిడర్‌ని కూడా ఇలాగే చేసిపెట్టాలి."

ఆయన భుజం మీదుగా చూస్తే, పెద్దమ్మ నా వైపే చూస్తూ, నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చర్చి మెట్ల మీదే, సకల బంధుమిత్రుల సాక్షిగా, మనసులో ప్రమాణం చేశాను. ఆగిపోయిన ఏ బండినీ బాగుచేయను. నడుస్తున్న ఏ బండినీ ముట్టుకోను. గుంటూరులో ఏ పెళ్లికి పిలిచినా రైల్లోనే పోతాను, అదీ ఇంజిన్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న పెట్టెలో.